ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌ని 2022కి ఎక్కించి డేటాబేస్‌ని ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం: మొదట్నుంచి చివరిదాకా

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014, 2016, 2017 స్టాండర్డ్ ఎడిషన్ మీద బండి లాగిస్తున్న ఆఫీసులు మన దగ్గర ఇప్పటికీ చాలానే ఉన్నాయి. హాస్పిటల్ బిల్లింగ్, కాలేజీ ఫీజులు, చిట్‌ఫండ్ లెక్కలు, గోడౌన్ స్టాక్, ఏదైనా కావచ్చు. ఆడిటర్ వచ్చి "మీ డేటా డిస్క్ మీద ఎన్‌క్రిప్ట్ అయి ఉందా", అంటే కీ లేనివాడు చదవలేని రూపంలో ఉందా, అని అడిగినప్పుడే అందరికీ గుర్తొస్తుంది ఈ విషయం. అప్పుడు వెతికితే ట్రాన్స్‌పరెంట్ డేటా ఎన్‌క్రిప్షన్ అని ఒకటుందని, దాన్నే టీడీఈ అంటారని తెలుస్తుంది, తీరా ఆన్ చేయబోతే మీ ఎడిషన్‌లో ఇది లేదు పొమ్మంటుంది.

టీడీఈ 2008 వెర్షన్‌లోనే వచ్చింది గానీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కొన్నవాళ్లకే. 2016 సర్వీస్ ప్యాక్ 1లో మైక్రోసాఫ్ట్ చాలా ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లు కిందకి దింపింది, పార్టిషనింగ్, కంప్రెషన్, ఆల్వేస్ ఎన్‌క్రిప్టెడ్ అన్నీ స్టాండర్డ్‌కి వచ్చాయి, టీడీఈ మాత్రం రాలేదు. 2019లో వచ్చింది. అంటే 2019 నుంచి స్టాండర్డ్ లైసెన్స్ ఉంటే చాలు, ఎంటర్‌ప్రైజ్‌కి సుమారు నాలుగు రెట్లు కట్టక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో మాత్రం 2022లో కూడా లేదు, ఉచితంగా అయిపోతుందని ఆశ పెట్టుకోకండి.

ఒక మాట ముందే చెప్తా. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయడమనేది నాలుగైదు కమాండ్ల పని. అసలు పని దానికి ముందూ వెనకా ఉంది: అప్‌గ్రేడ్ సరిగ్గా చేయడం, ఎన్‌క్రిప్షన్ కీని కాపాడే సర్టిఫికెట్‌ని పోగొట్టుకోకుండా దాచడం, ఎన్‌క్రిప్ట్ కాని పాత కాపీలు ఎక్కడెక్కడ పడున్నాయో వెతికి తుడిచేయడం. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వాటి గురించే. కమాండ్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు అసలు మీకిది కావాలా తేల్చుకోండి

టీడీఈ డేటా ఫైల్‌ని, లాగ్ ఫైల్‌ని, బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. డేటాని ఉంచే 8 కేబీ ముక్క, అంటే పేజీ, డిస్క్ మీదకి రాసేముందు ఎన్‌క్రిప్ట్ అవుతుంది, మెమరీలోకి చదివేటప్పుడు డీక్రిప్ట్ అవుతుంది. అప్లికేషన్‌లో ఒక్క లైను మార్చక్కర్లేదు, డేటాబేస్ సైజు కూడా పెరగదు. అందుకే దాని పేరులో ట్రాన్స్‌పరెంట్ ఉంది. ఎవడైనా ఎండీఎఫ్ ఫైల్, అంటే డేటా ఫైల్, కాపీ చేసుకుపోయినా, బ్యాకప్ ఉన్న హార్డ్ డిస్క్ ఎత్తుకుపోయినా వాడికి చెత్త తప్ప ఏమీ కనపడదు.

కానీ లాగిన్, పాస్‌వర్డ్ ఉన్నవాడికి అంతా మామూలుగానే కనపడుతుంది. డేటాబేస్ చూసుకునే డీబీఏకీ కనపడుతుంది, అప్లికేషన్ ఫారంలో క్వెరీ ముక్కలు దూర్చి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ చేసినవాడికీ కనపడుతుంది. నెట్‌వర్క్ మీద వెళ్లే డేటాకి దీనితో సంబంధమే లేదు. ఫైల్‌స్ట్రీమ్‌లో, అంటే డేటాబేస్ పక్కన విడి ఫైళ్లుగా, పెట్టిన స్కాన్ కాపీలు, ఫొటోలు కూడా దీని కిందకి రావు. "టీడీఈ పెట్టాం, ఇక హ్యాక్ అవ్వం" అని మేనేజ్‌మెంట్‌కి చెప్పేవాళ్లు ఉంటారు, మీరు మాత్రం చెప్పకండి.

అందుకని మీ భయం దేని గురించో ముందు చూడండి. బయటికి వెళ్లే బ్యాకప్ గురించే అయితే అప్‌గ్రేడే అక్కర్లేదు, 2014 నుంచి స్టాండర్డ్‌లోనే బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ ఉంది, చాలామందికి ఉందనే తెలీదు. రెండు మూడు కాలమ్స్, అంటే పాన్ నంబరు, బ్యాంక్ అకౌంట్ లాంటివి డీబీఏకి కూడా కనపడకూడదు అనుకుంటే అది ఆల్వేస్ ఎన్‌క్రిప్టెడ్ పని, దానికి అప్లికేషన్‌లో మార్పులు చేయాలి. ఆధార్ నంబర్లు దాచేవాళ్లకి ఆధార్ డేటా వాల్ట్ అని విడిగా నిబంధన ఉంది, కీలు హెచ్‌ఎస్‌ఎంలో, అంటే కీలు దాచే ప్రత్యేక పరికరంలో, పెట్టాలంటుంది, టీడీఈ పెట్టామంటే అది తీరిపోదు. డిస్క్‌నే ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ బిట్‌లాకర్ వాడితే సర్వర్ లోంచి డిస్క్ పీక్కుపోయినా భయం లేదు గానీ, సర్వర్ నడుస్తుండగా ఫైల్ కాపీ అయితే అది మామూలు ఫైలే.

మొత్తం డేటాబేస్, లాగ్, బ్యాకప్ అన్నిటికీ ఒకేసారి రక్షణ కావాలంటే మాత్రం టీడీఈ. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది, ఆ చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ని దాని రూల్స్ పేరు పెట్టి చెప్తున్నాయి కాబట్టి ఆడిటర్లు అడగడం ఇక పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇప్పుడున్నది ఏంటో చూసుకోవడం

సెలెక్ట్ యట్ యట్ వెర్షన్ అని కొడితే వెర్షన్ నంబరు వస్తుంది. 12తో మొదలైతే 2014, 13 అయితే 2016, 14 అయితే 2017, 15 అయితే 2019, 16 అయితే 2022. ఎడిషన్ కూడా అక్కడే ఉంటుంది. 2019 స్టాండర్డ్ ఆల్రెడీ ఉన్నవాళ్లకి అప్‌గ్రేడ్ అక్కర్లేదు, నేరుగా సర్టిఫికెట్ భాగానికి వెళ్లిపోండి.

మిగతావాళ్లు 2019కి వెళ్లాలా 2022కా అంటే నా సలహా 2022కే. 2019 మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2025 ఫిబ్రవరి 28తో అయిపోయింది, ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లే, అవీ 2030 జనవరి దాకా. 2022కి 2033 జనవరి దాకా ఉంటాయి. ఇంత కష్టపడి మారేటప్పుడు మూడేళ్లు తక్కువ ఉన్నది ఎందుకు పట్టుకోవడం. మీ అప్లికేషన్ వెండర్ "మేం 2019 వరకే టెస్ట్ చేశాం" అంటే అది వేరే సంగతి, వాళ్ల మాట రాతపూర్వకంగా తీసుకుని 2019కే వెళ్లండి. 2014కి సపోర్ట్ 2024 జులైలోనే ఆగిపోయింది, 2016కి 2026 జులై 14 ఆఖరు, కాబట్టి ఈ రెండింటి మీద ఉన్నవాళ్లకి ఎన్‌క్రిప్షన్ లేకపోయినా కదలక తప్పదు.

లైసెన్స్ సంగతి కూడా ఇప్పుడే అడగండి. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ కడుతున్నట్టయితే కొత్త వెర్షన్ హక్కు అందులోనే ఉంటుంది, లేదంటే కొత్తగా కొనాలి. కోర్ లైసెన్స్ అయితే వీఎంకి (వర్చువల్ మెషీన్‌కి) కనీసం నాలుగు కోర్లు తీసుకోవాలి. స్టాండర్డ్‌లో ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి బఫర్ పూల్, అంటే పేజీలు ఉంచుకునే మెమరీ, 128 జీబీ, 24 కోర్ల హద్దు ఉంది, చాలామందికి అదే ఎక్కువ.

టెస్టింగ్‌కి డెవలపర్ ఎడిషన్ ఉచితం. అందులో ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లన్నీ ఉంటాయి, వరమూ అదే, చిక్కూ అదే. టెస్ట్‌లో పనిచేసిన ప్రతీదీ స్టాండర్డ్‌లో ఉంటుందనుకోకండి, ఎస్‌వైఎస్ డాట్ డీఎం డీబీ పర్సిస్టెడ్ ఎస్‌కేయూ ఫీచర్స్ అనే వ్యూ చూస్తే ఆ డేటాబేస్ ఏ ఎడిషన్ ఫీచర్లని పట్టుకుని ఉందో చెప్తుంది.

ఉన్నచోటే అప్‌గ్రేడా, పక్కన కొత్త సర్వరా

ఉన్న సర్వర్ మీదే సెటప్ నడిపి అప్‌గ్రేడ్ చేయొచ్చు. లాగిన్లు, జాబ్స్ అన్నీ అలాగే ఉంటాయి, సులువు. కానీ మధ్యలో ఏదైనా తేడా కొడితే వెనక్కి వెళ్లే దారి చాలా కష్టం. ఒకసారి 2022 ఇంజిన్ తెరిచిన డేటాబేస్‌ని మళ్లీ 2016 తెరవలేదు, బ్యాకప్ తీసి రీస్టోర్ చేద్దామన్నా ఒప్పుకోదు. పైగా 2022కి విండోస్ సర్వర్ 2016 లేదా ఆ పైది కావాలి, మీ పాత డబ్బా 2012 ఆర్2 మీద ఉంటే ఉన్నచోట చేసే ఆప్షనే లేదు.

నేను ఎప్పుడూ పక్కన కొత్త సర్వర్ పెట్టడానికే ఓటేస్తా. పాతది అలా నడుస్తూనే ఉంటుంది, కొత్తదాన్ని తీరిగ్గా సిద్ధం చేసుకుని ఒక ఆదివారం పూట మారిపోవచ్చు, సోమవారం పొద్దున క్యాష్ కౌంటర్లో ఎవరైనా గోల చేస్తే పాతదానికి తిప్పేయొచ్చు. ఇకపై రాసేదంతా ఈ పద్ధతికే.

మారేముందు పాత సర్వర్‌లో చేయాల్సినవి

మొట్టమొదట డేటాబేస్ పాడైందేమో చూసే డీబీసీసీ చెక్‌డీబీ, ప్రతి డేటాబేస్ మీదా, డేటా ప్యూరిటీ ఆప్షన్‌తో. దీన్ని దాటేసి ముందుకెళ్లేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. టీడీఈ ఆన్ చేసినప్పుడు ప్రతి పేజీనీ చదువుతుంది కదా, పాడైన పేజీ ఒక్కటి తగిలినా స్కాన్ అక్కడ ఆగిపోతుంది. ఆ గొడవేదో ఇప్పుడే బయటపడితే మంచిది. పేజ్ వెరిఫై సెట్టింగ్ చెక్‌సమ్ మీద ఉందో లేదో కూడా చూడండి, ఏ కాలం నాటి నుంచో మోసుకొస్తున్న డేటాబేస్‌లలో అది వేరేగా ఉంటుంది.

తర్వాత సర్వర్ కొలేషన్, అంటే అక్షరాల్ని పోల్చే, వరుసపెట్టే పద్ధతి, రాసిపెట్టుకోండి. ఇది ఇన్‌స్టాల్ టైమ్‌లోనే ఎంచుకోవాలి, తర్వాత మార్చడం పెద్ద నరకం. కొత్త సర్వర్‌లో వేరే కొలేషన్ పడిందంటే మీ డేటాబేస్‌కీ సర్వర్ తాత్కాలిక పనికి వాడుకునే టెంప్‌డీబీకీ కుదరక, టెంప్ టేబుల్స్ వాడే ప్రతి ప్రొసీజర్లో కొలేషన్ కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్లు వస్తాయి. ఇక్కడే ఇంకో మాట, 2019 నుంచి యూటీఎఫ్-8 కొలేషన్లు వచ్చాయని, స్థలం కలిసొస్తుందని ఎవరైనా చెప్తే తెలుగు డేటా ఉన్నవాళ్లు ఆశపడకండి, ఎన్‌వార్‌చార్ టైప్ కాలమ్‌లో తెలుగు అక్షరానికి రెండు బైట్లు పడితే యూటీఎఫ్-8లో మూడు పడతాయి.

సర్వర్ సొంత డేటాబేస్‌లైన మాస్టర్‌లో, ఎంఎస్‌డీబీలో ఉన్నవి మీ డేటాబేస్ బ్యాకప్‌తో రావు. లాగిన్లు, ఏజెంట్ జాబ్స్, మెయిల్ ప్రొఫైల్స్, లింక్డ్ సర్వర్లు ఇవన్నీ విడిగా మోయాలి. లాగిన్లకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎస్‌పీ హెల్ప్ రెవ్‌లాగిన్ స్క్రిప్ట్ ఉంది, పాస్‌వర్డ్ హ్యాష్, ఎస్‌ఐడీ (లాగిన్ గుర్తింపు నంబరు)తో సహా తీసిస్తుంది, ఎస్‌ఐడీ అలాగే రాకపోతే యూజర్లు లాగిన్‌తో తెగిపోయి అనాథల్లా మిగిలిపోతారు. పవర్‌షెల్ అలవాటుంటే డీబీఏటూల్స్ అనే మాడ్యూల్ వాడండి, పని సగానికి సగం తగ్గుతుంది. లింక్డ్ సర్వర్ పాస్‌వర్డ్‌లు మాత్రం పాత సర్వర్ కీతో లాక్ అయి ఉంటాయి, స్క్రిప్ట్ తీస్తే అక్కడ చుక్కలే వస్తాయి, అసలు పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే వెతకండి, అవి పెట్టినాయన ఉద్యోగం మానేసి కెనడా వెళ్లిపోయి ఉంటాడు.

2016 లేదా ఆ పైన ఉంటే క్వెరీల వేగం రికార్డు చేసే క్వెరీ స్టోర్ ఆన్ చేసి కనీసం ఒక నెలాఖరు గడవనివ్వండి. మారాక "స్లో అయింది" అని ఎవరైనా అంటే ముందెలా ఉండేదో చూపించడానికి లెక్క ఉంటుంది.

మార్పిడి రోజు

కొత్త సర్వర్‌లో 2022 స్టాండర్డ్, దాని మీద తాజా క్యుములేటివ్ అప్‌డేట్ వేసి, మ్యాక్స్ సర్వర్ మెమరీ, మ్యాక్స్‌డాప్ (ఒక క్వెరీకి వాడే కోర్ల హద్దు), టెంప్‌డీబీ ఫైళ్లు సెట్ చేసుకోండి. వారం మధ్యలోనే పాత సర్వర్ ఫుల్ బ్యాకప్ తెచ్చి నో రికవరీతో, అంటే మీద ఇంకా బ్యాకప్‌లు వేసేలా తెరవకుండా, రీస్టోర్ చేసి ఉంచండి. శనివారం రాత్రి డిఫరెన్షియల్, అంటే ఆ ఫుల్ తర్వాత మారినవాటి బ్యాకప్, వేయండి, అదీ నో రికవరీతోనే. ఆదివారం అప్లికేషన్ ఆపేశాక పాత సర్వర్‌లో టెయిల్ లాగ్ బ్యాకప్, అంటే లాగ్‌లో మిగిలిన ఆఖరి ముక్క, నో రికవరీతో తీయండి, దానివల్ల పాత డేటాబేస్ రీస్టోరింగ్ స్థితికి వెళ్తుంది, ఎవరైనా తెలియక పాతదాంట్లో ఎంట్రీలు కొట్టే ప్రమాదం ఉండదు. మధ్యలో తీసిన లాగ్ బ్యాకప్‌లు, ఆఖర్న ఈ టెయిల్ వరుసగా వేసి రికవరీతో తెరిస్తే డౌన్‌టైమ్ నిమిషాల్లోనే అయిపోతుంది, డేటాబేస్ 500 జీబీ ఉన్నా సరే. ఇదంతా ఫుల్ రికవరీ మోడల్‌లో ఉంటేనే, సింపుల్‌లో ఉన్నవాళ్లకి టెయిల్ లాగ్ అనేది ఉండదు, ఫుల్, డిఫరెన్షియల్‌తో సరిపెట్టుకోవాలి, కొత్తదానికి మారాక పాతదాన్ని మీరే ఆఫ్‌లైన్ చేయాలి.

తెరిచాక మళ్లీ చెక్‌డీబీ, స్టాటిస్టిక్స్ అప్‌డేట్. కంపాటిబిలిటీ లెవెల్, అంటే డేటాబేస్ ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పేది, పాతదే ఉంటుంది, 2016 నుంచి వస్తే 130, 2017 అయితే 140. దాన్ని వెంటనే 160 చేయకండి. కొత్త ఇంజిన్, కొత్త ఆప్టిమైజర్ తీరు, ఎన్‌క్రిప్షన్ మూడూ ఒకేరోజు మారిస్తే స్లో అయినప్పుడు దేన్ని తిట్టాలో తెలీదు. పాత లెవెల్‌తోనే ఒక పది పదిహేను రోజులు, ఒక జీతాల రన్ లేదా నెలాఖరు క్లోజింగ్ దాటేదాకా నడపండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్. లెవెల్ పెంచడం ఇంకా తర్వాత.

కనెక్షన్ విషయంలో ఒక తలనొప్పి వస్తుంది, ముందే చెప్పి ఉంచుతా. కొత్త సర్వర్‌తో పాటు డ్రైవర్లు కూడా మార్చేస్తే అప్లికేషన్‌ని సర్వర్‌కి కలిపే ఓడీబీసీ డ్రైవర్ 18 డిఫాల్ట్‌గానే కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేయాలంటుంది, సర్వర్‌లో ఉన్నది సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ కాబట్టి నమ్మలేనంటూ ఎర్రర్ ఇస్తుంది. ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ఎస్ అని పెట్టేస్తే నడుస్తుంది, ఆ రాత్రికి అది చాలు, కానీ తర్వాత ఒక సరైన టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ పెట్టుకోండి. ఇది టీడీఈ సర్టిఫికెట్ కాదు, రెండూ వేరువేరు, ఒకదానితో ఇంకోటి కలిపేసుకోకండి.

కీలు, సర్టిఫికెట్

అర్థం చేసుకోవాల్సింది ఒక వరుస. డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేది డేటాబేస్ ఎన్‌క్రిప్షన్ కీ, అది మీ డేటాబేస్‌లోనే ఉంటుంది. దాన్ని కాపాడేది మాస్టర్ డేటాబేస్‌లో ఉండే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ప్రైవేట్ కీని కాపాడేది మాస్టర్‌లోని డేటాబేస్ మాస్టర్ కీ, దాన్ని సర్వీస్ మాస్టర్ కీ, దాన్ని విండోస్. వేరే సర్వర్‌లో మీ డేటాబేస్ తెరవాలంటే ఈ వరుసలో కావాల్సింది ఒక్కటే, ప్రైవేట్ కీతో కలిపి సర్టిఫికెట్. మాస్టర్ కీ అక్కడిది అక్కడ వేరేగా ఉన్నా పర్లేదు.

మాస్టర్ డేటాబేస్‌లోకి వెళ్లి క్రియేట్ మాస్టర్ కీ ఎన్‌క్రిప్షన్ బై పాస్‌వర్డ్, ఒక పొడవాటి పాస్‌వర్డ్ ఇవ్వండి. తర్వాత క్రియేట్ సర్టిఫికెట్, పేరు, విత్ సబ్జెక్ట్. పేరులో సంవత్సరం పెట్టండి, "టీడీఈ సర్ట్ 2026" లాగా, మూడేళ్ల తర్వాత నాలుగు సర్టిఫికెట్లు ఉన్నప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. ఎక్స్‌పైరీ డేట్ ఇవ్వకపోతే ఒక ఏడాదికి గడువు పడుతుంది. గడువు దాటినా టీడీఈ ఆగదు, అలాగే పనిచేస్తుంది, కానీ ఆడిట్ రిపోర్ట్‌లో ఎర్రగా కనపడి అనవసరమైన మెయిళ్లు నడుస్తాయి కాబట్టి తేదీ మీరే ఇచ్చేయండి.

ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసేముందే, మళ్లీ చెప్తున్నా ముందే, సర్టిఫికెట్ బ్యాకప్. బ్యాకప్ సర్టిఫికెట్, టు ఫైల్, విత్ ప్రైవేట్ కీ, అందులో ఫైల్ పేరు, ఎన్‌క్రిప్షన్ బై పాస్‌వర్డ్. రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి సర్టిఫికెట్, ఒకటి ప్రైవేట్ కీ. విత్ ప్రైవేట్ కీ అన్నది మర్చిపోతే ఒక్క ఫైలే వస్తుంది, చూడ్డానికి బ్యాకప్ తీసినట్టే ఉంటుంది, అవసరమొచ్చిన రోజు దేనికీ పనికిరాదు. ఎస్‌వైఎస్ డాట్ సర్టిఫికెట్స్‌లో పీవీటీ కీ లాస్ట్ బ్యాకప్ డేట్ అనే కాలమ్ ఖాళీగా ఉందా తేదీ ఉందా చూస్తే తేలిపోతుంది.

ఈ రెండు ఫైళ్లు, వాటి పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి? డేటాబేస్ బ్యాకప్‌లు ఉన్న ఫోల్డర్లో మాత్రం కాదు, అది బీరువాకి తాళమేసి తాళంచెవి దానికే వేలాడదీయడం. ఫైళ్లు రెండు వేరు చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట. పాస్‌వర్డ్ ఒక పాస్‌వర్డ్ మేనేజర్లో, కనీసం ఇద్దరికి అందేలా. ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరూ నోటీస్ పీరియడ్‌లో ఉన్నప్పుడు మీ పరిస్థితి ఏంటో ఊహించుకోండి. ఈ సర్టిఫికెట్ పోతే డేటా తిరిగి తెచ్చే మార్గం మైక్రోసాఫ్ట్ దగ్గర కూడా లేదు, రాన్సమ్‌వేర్‌ని మనకి మనమే తగిలించుకున్నట్టు.

ముందు చిన్న టెస్ట్ డేటాబేస్‌తో రిహార్సల్

అసలు డేటాబేస్ జోలికి వెళ్లకుండా పది రికార్డుల టెస్ట్ డేటాబేస్ ఒకటి పెట్టి మొత్తం తంతు నడపండి. దాని లోపలికి వెళ్లి క్రియేట్ డేటాబేస్ ఎన్‌క్రిప్షన్ కీ విత్ ఆల్గోరిథమ్ ఏఈఎస్ 256, ఎన్‌క్రిప్షన్ బై సర్వర్ సర్టిఫికెట్, మీ సర్టిఫికెట్ పేరు. సర్టిఫికెట్ బ్యాకప్ తీయలేదని ఇక్కడ వార్నింగ్ వస్తే వెనక్కి వెళ్లి తీసి రండి. తర్వాత ఆల్టర్ డేటాబేస్ సెట్ ఎన్‌క్రిప్షన్ ఆన్.

దాని బ్యాకప్ తీసి వేరే సర్వర్‌కి, డెవలపర్ ఎడిషన్ ఉన్న ల్యాప్‌టాప్ అయినా చాలు, పట్టుకెళ్లి రీస్టోర్ చేయండి. ఫెయిల్ అవ్వాలి. ఎర్రర్ 33111, ఫలానా థంబ్‌ప్రింట్ (సర్టిఫికెట్ గుర్తు) ఉన్న సర్వర్ సర్టిఫికెట్ దొరకలేదు అని రావాలి. వస్తే సంతోషించండి, దొంగకి కూడా ఇదే వస్తుంది. ఇప్పుడు ఆ సర్వర్‌లో ఒక మాస్టర్ కీ పెట్టి, మీరు దాచిన రెండు ఫైళ్ల నుంచి క్రియేట్ సర్టిఫికెట్ ఫ్రమ్ ఫైల్, విత్ ప్రైవేట్ కీ, డీక్రిప్షన్ బై పాస్‌వర్డ్ అని ఎక్కించి మళ్లీ రీస్టోర్ చేయండి. ఈసారి అవ్వాలి. ఫైల్ తెరవలేకపోతున్నా అంటే కంగారు పడకండి, ఆ ఫైళ్ల మీద పాత సర్వర్ సర్వీస్ అకౌంట్‌కే పర్మిషన్ ఉంటుంది, కొత్త చోట ఎస్‌క్యూఎల్ సర్వీస్ అకౌంట్‌కి రీడ్ ఇస్తే సరిపోతుంది.

ఈ రిహార్సల్ అవ్వకుండా ప్రొడక్షన్‌లో ఆన్ చేయొద్దు. టైమ్ లేదన్నా, మేనేజర్ నెత్తిమీద కూర్చున్నా సరే.

అసలు డేటాబేస్ ఆన్ చేయడం

కమాండ్లు అవే. ఆన్ చేసేముందు ఏ ఫైల్‌గ్రూప్ (డేటా ఫైళ్ల గుంపు) అయినా రీడ్ ఓన్లీ మార్క్ చేసి ఉందేమో చూడండి, ఉంటే ఒప్పుకోదు, పాత సంవత్సరాల ఆర్కైవ్‌ని అలా పెట్టేవాళ్లుంటారు. లాగ్ డిస్క్ మీద ఖాళీ ఉంచండి, లాగ్ బ్యాకప్‌లు మామూలు కంటే తరచుగా తీయండి. డేటాబేస్ కాపీని వేరే సర్వర్‌లో ఉంచే ఆల్వేస్ ఆన్ గానీ లాగ్ షిప్పింగ్ గానీ ఉంటే సర్టిఫికెట్‌ని సెకండరీ సర్వర్లలో ముందే ఎక్కించాలి, లేదంటే ప్రైమరీలో ఆన్ చేసిన మరుక్షణం అవతల ఆగిపోతుంది.

కమాండ్ వెంటనే పూర్తయినట్టు చూపిస్తుంది గానీ వెనకాల స్కాన్ అప్పుడే మొదలవుతుంది. ఎస్‌వైఎస్ డాట్ డీఎం డేటాబేస్ ఎన్‌క్రిప్షన్ కీస్‌లో ఎన్‌క్రిప్షన్ స్టేట్ 2 అంటే నడుస్తోంది, 3 అంటే అయిపోయింది, పర్సెంట్ కంప్లీట్ కాలమ్‌లో ఎంతవరకు వచ్చిందో కనపడుతుంది. ఎంత టైమ్ పడుతుందనేది పూర్తిగా మీ డిస్క్ మీద ఉంటుంది. యూజర్లు ఈలోగా పని చేసుకోవచ్చు. పొద్దున్నే రద్దీ మొదలైనా స్కాన్ ఇంకా నడుస్తుంటే ఆల్టర్ డేటాబేస్ సెట్ ఎన్‌క్రిప్షన్ సస్పెండ్ అని ఆపి, రాత్రికి రెజ్యూమ్ అనండి, 2019లో వచ్చిన సౌకర్యం ఇది, పాత ఎంటర్‌ప్రైజ్ వాళ్లకి కూడా అప్పట్లో లేదు. స్కాన్ జరిగేటప్పుడు డేటాబేస్‌ని డిటాచ్ చేయడం, ఆఫ్‌లైన్ పెట్టడం లాంటివి కుదరవు.

అదే లిస్టులో మీరు ముట్టుకోని టెంప్‌డీబీ కూడా కనపడుతుంది. ఒక్క డేటాబేస్‌కి టీడీఈ పెట్టినా టెంప్‌డీబీ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, కాబట్టి అదే సర్వర్ మీద ఎన్‌క్రిప్షన్ లేని వేరే డేటాబేస్ ఉన్నా దానిమీద కూడా కొంచెం భారం పడుతుంది. మాస్టర్, మోడల్, ఎంఎస్‌డీబీలకి టీడీఈ పెట్టలేం.

స్లో అవుతుందా అని అందరూ అడుగుతారు. మెమరీలో ఉన్న పేజీ మామూలు పేజీయే, ఖర్చంతా డిస్క్ మీదకి వెళ్లొచ్చేటప్పుడే. ర్యామ్ సరిపడా ఉండి, సీపీయూలో ఏఈఎస్ సూచనలు ఉంటే, ఈ కాలపు సర్వర్లన్నిటిలో ఉంటాయి, యూజర్‌కి తేడా తెలియకపోవచ్చు. ర్యామ్ చాలక ఎప్పుడూ డిస్క్ మీదే పడి ఏడ్చే సర్వర్ అయితే తెలుస్తుంది, దానికి మందు ర్యామ్. ఇంకోటి, ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్, అంటే సున్నాలు నింపకుండానే ఫైల్ పెంచడం, టీడీఈ డేటాబేస్ డేటా ఫైళ్లకి పనిచేయదు, డేటా ఫైల్ పెరిగిన ప్రతిసారీ సున్నాలు నింపుకుంటూ కూర్చుంటుంది కాబట్టి ఫైళ్లని ముందే పెద్దవి చేసి పెట్టండి.

బ్యాకప్ కంప్రెషన్ గురించి పాత భయం ఒకటుంది, టీడీఈ పెడితే బ్యాకప్ అస్సలు కుదించుకోదని. 2014 దాకా నిజమే. 2016 నుంచి మ్యాక్స్ ట్రాన్స్‌ఫర్ సైజ్ 64 కేబీ కన్నా ఎక్కువ ఇస్తే కుదించుకుంటుంది, 2019 సీయూ5 (ఐదో క్యుములేటివ్ అప్‌డేట్) తర్వాత అది కూడా ఇవ్వక్కర్లేదు. మీ బ్యాకప్ సైజు ఒక్కసారిగా మూడింతలైందంటే కమాండ్‌లో కంప్రెషన్ అన్న మాట ఉందా, పాత స్క్రిప్ట్‌లో ఎవరైనా ఆ సైజు తక్కువగా కట్టి పెట్టారా చూడండి.

వెనకపడి ఉన్న సాదా కాపీలు

చాలామంది స్టేట్ 3 చూసి స్క్రీన్‌షాట్ తీసి ఆడిటర్‌కి పంపేసి ఇంటికెళ్లిపోతారు. కానీ నిన్నటిదాకా తీసిన బ్యాకప్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ కానివే. లాగ్ ఫైల్‌లో కూడా ఆన్ చేసిన తర్వాత రాసింది ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంతకుముందు రాసిన భాగం మళ్లీ పైన రాయబడేదాకా అలాగే ఉంటుంది, కాబట్టి కొన్ని లాగ్ బ్యాకప్‌లు తీసి లాగ్‌ని తిరగనివ్వండి. పాత సర్వర్ డిస్క్ మీద ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ (లాగ్ ఫైల్) అలాగే ఉన్నాయి. నెట్‌వర్క్ మీద ఉండే నాస్ స్టోరేజ్ బాక్స్‌లో, ఎక్స్‌టర్నల్ డిస్కులో, డెవలపర్‌కి "టెస్టింగ్‌కి" ఇచ్చిన కాపీలో, వెండర్‌కి పంపిన గూగుల్ డ్రైవ్ లింకులో, అకౌంట్స్ వాళ్లు ప్రతి నెలా తీసుకునే ఎక్సెల్ డంపుల్లో కూడా అదే డేటా ఉంది. వాటిలో ఫోన్ నంబర్లు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. వీటన్నిటికీ ఒక లిస్టు రాయండి, ఒక్కోదాని పక్కన ఎవరి దగ్గరుంది, ఎప్పుడు తుడుస్తారు అని రాయండి. ట్యాక్స్, ఆడిట్ కారణంగా కొన్నేళ్లు ఉంచాల్సిన పాత బ్యాకప్‌లు ఉంటే వాటిని కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేసి బ్యాకప్ ఎన్‌క్రిప్షన్‌తో మళ్లీ తీసి, పాతవి తీసేయండి.

పాత సర్వర్‌ని ఎప్పుడు ఆపాలి అంటే, కొత్తదాని మీద ఒక నెలాఖరు సాఫీగా గడిచి, ఎన్‌క్రిప్ట్ అయిన బ్యాకప్‌ని ఒకసారి వేరే చోట నిజంగా రీస్టోర్ చేసి చూశాక. అప్పుడు ఫైళ్లు డిలీట్ చేయడం కాదు, డిస్క్‌నే వైప్ చేయండి, పాత డబ్బాని స్క్రాప్ వాడికి ఇచ్చేముందు మరీ ముఖ్యంగా.

తర్వాత ఏడాదికో రెండేళ్లకో సర్టిఫికెట్ మార్చాలి. కొత్త సర్టిఫికెట్ చేసి, బ్యాకప్ తీసి, ఆల్టర్ డేటాబేస్ ఎన్‌క్రిప్షన్ కీ ఎన్‌క్రిప్షన్ బై సర్వర్ సర్టిఫికెట్ అని కొత్త పేరు ఇస్తే క్షణంలో అయిపోతుంది, ఎందుకంటే మారేది కీకి ఉన్న రక్షణే, డేటా మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవ్వదు. పాత సర్టిఫికెట్‌ని మాత్రం డ్రాప్ చేయకండి, దానితో తీసిన ఆఖరి బ్యాకప్ మీ దగ్గర ఉన్నంతకాలం ఆ రెండు ఫైళ్లూ, పాస్‌వర్డూ కూడా ఉండాల్సిందే.